ముందు ఏ సిలిండరో తేల్చండి: ఇంజిన్ మిస్సింగ్ గురించి కొన్ని మాటలు

విశాఖపట్నం ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న ఒక మెకానిక్ ఆదివారం ఉదయం కారు యజమానులతో, ఐటీఐ విద్యార్థులతో మాట్లాడారు. ఆ మాటలకు ఇది అక్షర రూపం.

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంట్లో పనులు మానుకుని ఇంతమంది ఇంజిన్ గురించి వినడానికి వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసల్లో ఐటీఐ పిల్లలున్నారు, వెనక మాస్టార్లు, ఉద్యోగస్తులు ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. అర్థం కాకపోతే మధ్యలోనే ఆపి అడగండి.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. "బండి జర్కులు కొడుతోందండీ" అంటారు. "సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది" అంటారు. "సింహాచలం కొండ ఎక్కేటప్పుడు లాగడం లేదు" అంటారు. వీటిలో చాలావాటికి షెడ్డులో మేం వాడే మాట ఒక్కటే, మిస్సింగ్. ఆ మాట వినగానే మా వాళ్ల నోటి నుంచి వచ్చే రెండో మాట "ప్లగ్గులు మార్చేద్దాం". ఆ రెండో మాట గురించే ఈరోజు నా బాధంతా. ప్లగ్గులు మార్చడం తప్పు కాదు. ఏ సిలిండర్‌లో మిస్సవుతోందో, ఎందుకు మిస్సవుతోందో తెలియకుండా మార్చడం తప్పు.

మిస్సింగ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. పెట్రోలు మండే గదిని సిలిండర్ అంటాం, అందులో రావాల్సిన మంట రాకపోవడమే మిస్సింగ్. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఉండి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 400 సార్లు. నాలుగూ కలిస్తే 1600 సార్లు. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. తకధిమి, తకధిమి అని సాగుతున్న నడకలో ప్రతిసారీ "ధి" పడకపోతే చెవికి ఎలా తెలుస్తుందో, నిమిషంలో ఒక సిలిండర్‌వి ఆ 400 దెబ్బలు పడకపోతే ఒంటికి అలా తెలుస్తుంది. ఇప్పుడు చిన్న కార్లలో మూడు సిలిండర్లవే ఎక్కువ. వాటి నడక తకిట. కొద్దిగా వణకడం వాటికి పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని జబ్బు అనుకుని కంగారు పడకండి. కొత్తలో ఎలా ఉందో గుర్తు పెట్టుకోండి, అంతకన్నా పెరిగితే షెడ్డుకి తీసుకురండి.

ఒక సిలిండర్‌లో మంట రావాలంటే నాలుగు కావాలి. సమయానికి కరెంటు పడాలి, తగినంత పెట్రోలు అందాలి, తగినంత గాలి రావాలి, ఆ రెండూ కలిసిన మిశ్రమం గట్టిగా నొక్కుకోవాలి. ఆఖరిదాన్నే కంప్రెషన్ అంటాం. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా మంట రాదు, వచ్చినా సగం సగంగా వస్తుంది. కరెంటు అనగానే ప్లగ్గొక్కటే గుర్తొస్తుంది మనకి. కానీ నిప్పురవ్వ ఇచ్చే ఆ ప్లగ్గు వెనక వోల్టేజి పెంచే కాయిల్ ఉంది, కాయిల్ వెనక దానికి వైరుని కలిపే కప్లర్ ఉంది, కప్లర్ వెనక వైరు, ఆ వైరుకి ఎర్త్, దానికి ముందు బ్యాటరీ. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా శిక్ష పడేది ప్లగ్గుకే!

మన ఊరి సంగతి ఇక్కడ చెప్పాలి. విశాఖలో గాలిలోనే ఉప్పుంది. బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల కార్లు, లోపల పెందుర్తి వైపు ఉండేవాళ్ల కార్లు పక్కపక్కన పెట్టి బానెట్లు తీస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. బోల్టుల తలలు, ఎర్త్ వైరు బిగించే చోటు, కప్లర్ పిన్నులు ముందు దెబ్బతింటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక, పైకి చూస్తే ఏమీ కాని కార్లు కూడా నెల తిరక్కుండా మిస్సింగ్‌తో రావడం మొదలైంది. లోపలికి దూరిన ఉప్పునీరు ఆరిపోయింది కానీ, ఉప్పు అక్కడే ఉండిపోయింది.

ఒక మాస్టారి కారు గురించి చెబుతాను. రిటైరైన లెక్కల మాస్టారు, పెదవాల్తేరులో సముద్రం కనిపించే ఇంట్లో ఉంటారు. రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే పది నిమిషాలు జర్కులు, ఆ తర్వాత అంతా మామూలే. మధ్యాహ్నం ఏ షెడ్డుకి తీసుకెళ్లినా "బాగానే ఉందండీ" అనేవారట. ఒక షెడ్డులో నాలుగు ప్లగ్గులు మార్చారు. మళ్లీ వెళితే నాలుగు కాయిళ్లూ మార్చారు. మూడోసారి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. పద్నాలుగు వేలు ఖర్చయ్యాక, పొద్దుటి జర్కులు అలాగే ఉండగా, నా దగ్గరికి వచ్చారు.

కారు కంప్యూటర్ రాసిపెట్టిన కోడ్ చదివే స్కానర్ పెడితే పి 0303 అని వచ్చింది. ఈ నంబర్ల గురించి పిల్లలు రాసుకోండి. పి 0300 అంటే ఏ ఒక్క సిలిండర్‌దీ కాదు, అక్కడక్కడా మిస్సవుతోందని. పి 0301 అయితే ఒకటో సిలిండర్, పి 0302 అయితే రెండోది, అలా. కంప్యూటర్‌కి ఇది ఎలా తెలుస్తుందంటే, క్రాంక్ షాఫ్ట్ అనే ఇంజిన్ ఇరుసు తిరిగే వేగాన్ని ఒక సెన్సార్ పళ్లచక్రం మీద కన్నేసి చూస్తూ ఉంటుంది. ప్రతి మంటకీ క్రాంక్ ఒక తోపు తోసినట్టు ముందుకెళుతుంది. ఒక తోపు పడకపోతే ఆ క్షణం వేగం కాస్త తగ్గుతుంది. అది ఎవరి వంతో లెక్క చూసుకుని కంప్యూటర్ ఆ నంబరు రాసి పెడుతుంది. మండే వరుస ఎక్కువ నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో 1-3-4-2. ఇది బాగా గుర్తుంచుకోండి బాబూ: కోడ్ మనకు చెప్పేది ఫలానా సిలిండర్‌లో మంట రాలేదని మాత్రమే. ఫలానా సామాను పోయిందని ఎక్కడా చెప్పదు.

మరి మాస్టారి కారుకి ఏం చేశాను? పొద్దున వచ్చే జబ్బుని మధ్యాహ్నం చూస్తే దొరకదు కాబట్టి ఆరు గంటలకే వాళ్లింటికి వెళ్లాను. మూడో సిలిండర్ కాయిల్ తీసి రెండో దాంట్లో పెట్టాను, రెండో దానిది మూడో దాంట్లో పెట్టాను. కోడ్ చెరిపేసి స్టార్ట్ చేశాను. జబ్బు కాయిల్‌లో ఉంటే కోడ్ పి 0302కి మారాలి. మారలేదు, మళ్లీ 0303 వచ్చింది. అంటే కాయిల్ నిర్దోషి. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లి ప్లగ్గు అలాగే మార్చి చూశాను. అదీ నిర్దోషే. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుని విన్నాను. నాలుగూ ఒకేలా టిక్ టిక్ అంటున్నాయి. ఇక మిగిలిందేమిటి? కాయిల్‌కి కరెంటు తెచ్చే దారి.

మూడో కాయిల్ కప్లర్ ఊడదీసి ఫోన్ లైటు వేసి చూశాను. లోపల పిన్నులు వరుసగా మెరుస్తున్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క పిన్ను చుట్టూ ఆకుపచ్చ పొడి. ఇంట్లో చాలా రోజులు తోమకుండా వదిలేసిన రాగి చెంబు అడుగున పడుతుంది చూడండి, ఆ చిలుము. కప్లర్ చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎప్పుడో చినిగిపోయింది. రాత్రంతా సముద్రం చెమ్మ అక్కడ చేరుతోంది, పొద్దున పిన్ను సరిగ్గా అందుకోవడం లేదు. ఇంజిన్ వేడెక్కాక చెమ్మ ఆరిపోయి అంతా బాగుంటోంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను మార్చి, కొత్త సీలు వేసి, దానికి పలచగా సిలికాన్ గ్రీజు రాశాను. సామాను ఖర్చు రెండు వందలు కూడా కాలేదు.

మాస్టారు డిక్కీ తెరిచి ఒక సంచీ చూపించారు. అంతకుముందు తీసేసిన నాలుగు పాత కాయిళ్లు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటే బిగించి చూశాను. నాలుగూ బాగానే పనిచేస్తున్నాయి. ఆయన ఏమీ అనలేదు, సంచీ మూతి కట్టి మళ్లీ లోపల పెట్టుకున్నారు. ఆ సంచీ కళ్ల ముందు నుంచి పోదు నాకు. అందుకే పిల్లలకి ఇది పదేపదే చెబుతాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, కోడ్ చెరపండి, మళ్లీ చూడండి. రెండు ఒకేసారి మారిస్తే జబ్బు పోయినా ఎందుకు పోయిందో మీకు తెలియదు, మీరు నేర్చుకున్నదీ ఉండదు.

ఇప్పుడు ఈ ప్లగ్గులు చేతికి తీసుకుని చూస్తూ పక్కవాళ్లకి ఇవ్వండి. మొదటిది గోధుమరంగులో ఉంది, అది ఆరోగ్యం. రెండోది పొడిగా నల్లగా మసి పట్టి ఉంది, పొయ్యి మీద గిన్నె అడుగులాగా. అక్కడ పెట్రోలు ఎక్కువవుతోంది. లేదా గాలి తగ్గుతోంది, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. పోర్టు వైపు తిరిగే బండ్లలో ఫిల్టర్ తీసి దులిపితే బొగ్గు ధూళి రాలుతుంది. మూడోది తడిగా ఉంది, వాసన చూడండి, పెట్రోలు వాసన. పెట్రోలు వచ్చింది, మంట రాలేదు. నాలుగోదానికి జిడ్డుగా నూనె పట్టింది. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఆయిల్ పైకి వస్తోంది. ఐదోది తెల్లగా కాలిపోయి ఉంది, మొన దగ్గర చిన్న చిన్న బొబ్బలు కూడా ఉన్నాయి. పెట్రోలు తక్కువై బాగా వేడెక్కింది.

ఆరోది మాత్రం కాస్త వెలుతురులో పట్టుకోండి. తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్లగీత కనిపిస్తోందా? పెన్సిల్‌తో గీసినట్టుంటుంది, కానీ తుడిస్తే పోదు. కాయిల్ నుంచి వచ్చే కరెంటు మొన దాకా దిగకుండా ఈ గీత వెంట పక్కకి దూకి ఇంజిన్ ఒంట్లోకి పోతోంది. దీనికి జోడీగా కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది. ప్లగ్గు మార్చి బూటు పాతదే ఉంచితే, ఆ బూటులోని గీత కొత్త ప్లగ్గుని కూడా పాడుచేస్తుంది. రెండూ కలిపి మార్చాలి. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే ముందు ఆ ఆయిల్ దిగే సీలు మార్చాలి, లేకపోతే కొద్ది నెలల్లో మళ్లీ నా దగ్గరికే వస్తారు.

వెనక నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఊళ్లో తిరిగితే బాగానే ఉంటుంది, అరకు ఘాట్ ఎక్కేటప్పుడే జర్కులు ఎందుకు అని. మంచి ప్రశ్న అన్నయ్యా. గ్యాస్ స్టవ్ లైటర్ నొక్కితే బయట గాలిలో చిటుక్కున మెరుస్తుంది కదా. బయట గాలి పలచన. సిలిండర్ లోపల గాలి నొక్కుకుని చిక్కగా ఉంటుంది, ఆ చిక్కటి గాలిలో అంత సందునే దాటడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. కాయిల్ 12 వోల్టుల కరెంటుని వేల వోల్టులకు పెంచేది అందుకే. శృంగవరపుకోట దాటి ఘాట్‌లో పడ్డాక మీరు ఎక్సలేటర్ గట్టిగా తొక్కుతారు, సిలిండర్‌లోకి గాలి నిండుగా వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, వోల్టేజి ఇంకా కావాలి. బలహీనపడ్డ కాయిల్ సిగ్నల్ దగ్గర బాగానే నెట్టుకొస్తుంది, ఘాట్‌లో చేతులెత్తేస్తుంది. అరిగి సందు పెరిగిన ప్లగ్గు కూడా అంతే. ఆ సందు చాలా కార్లలో 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకి ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. సీఎన్‌జీ బండ్లకైతే ఈ బాధ ఇంకా ముందే వస్తుంది, గ్యాసుని మండించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి.

దీనికి తలకిందులుగా ఉండే జబ్బు ఇంకొకటి ఉంది. ఆగి ఉన్నప్పుడే వణుకు, కాస్త రేజ్ చేస్తే సర్దుకుంటుంది. అలాంటప్పుడు నా అనుమానం ముందు గాలి లీకు మీదకి పోతుంది. ఇన్‌టేక్ గాస్కెట్ పగిలినా, సన్నటి వాక్యూమ్ పైపు చిట్లినా, లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. ఐడిలింగ్‌లో వచ్చే గాలే తక్కువ, అందులో ఈ దొంగగాలి వాటా ఎక్కువ. రేజ్ చేసేసరికి అసలు గాలి పెరుగుతుంది, దొంగగాలి వాటా తగ్గిపోతుంది. స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. ఐడిలింగ్‌లో ప్లస్ 15, 20 శాతం చూపించి, 2500 చుట్ల దగ్గర మామూలుకొస్తే గాలి లీకు. ఐడిలింగ్‌లో బాగుండి, లోడ్ పడ్డకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు అందడం లేదు, పంపు, ఫిల్టర్ చూడాలి. లీకు వెతకడానికి కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది, దయచేసి ఆ పని చేయకండి. సబ్బునీళ్లు చిలకరించినా లీకు దగ్గర ఐడిలింగ్ మారుతుంది. పొగ పంపి లీకు చూపించే స్మోక్ మిషన్ ఉన్న షెడ్డయితే ఇంకా మంచిది.

ఇంకో పాత అలవాటు గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు, కాయిళ్లు ఒక్కొక్కటే పీకి ఏ సిలిండర్ చచ్చిందో చూడటం మా గురువుల కాలం పద్ధతి. కార్బురేటర్ బండ్లకి అది చెల్లింది. ఇప్పుడు కాయిల్ పీకితే షాక్ కొడుతుంది, కాయిల్ పోవచ్చు, మండని పెట్రోలంతా పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. అదే పని ఇంజెక్టర్ కప్లర్ తీసి చేయండి. మంచి సిలిండర్ కప్లర్ తీస్తే ఇంజిన్ ఒక్కసారి కుంగుతుంది. ఏది తీసినా ఏ మార్పూ లేదో, ఆ సిలిండరే అప్పటికే పనిచేయడం లేదని అర్థం.

కరెంటు, పెట్రోలు, గాలి అన్నీ సరిగ్గా ఉండి మిస్సింగ్ అదే సిలిండర్‌లో ఉండిపోతే కంప్రెషన్ చూడక తప్పదు. ఇంజిన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలూ కరెంటూ ఆపి, ప్లగ్గు చోట ఒత్తిడి గేజి బిగించి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. చాలా పెట్రోలు ఇంజిన్లలో ఒత్తిడి 150 పీఎస్ఐ అటూ ఇటూగా వస్తుంది. అంకె కన్నా ముఖ్యం, సిలిండర్‌కి సిలిండర్‌కి మధ్య తేడా. 15 శాతం దాటితే అనుమానించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒకేసారి తక్కువ వస్తే ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఈ పరీక్షకి గంట పడుతుంది. ఆ గంటకి డబ్బులివ్వడానికి వెనకాడకండి అని వెనక కూర్చున్నవారికి చెబుతున్నాను. సామాను మార్చినందుకు ఇస్తారు, చూసినందుకు ఇవ్వరు. అందుకే మా వాళ్లు చూడటం మానేసి మార్చడం మొదలుపెట్టారు.

ప్లగ్గు బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. హెడ్ అల్యూమినియంది, మరలు తేలిగ్గా పోతాయి. ఇంజిన్ చల్లారాక, చిన్న రబ్బరు పైపు ముక్కని ప్లగ్గు తలకి తొడిగి దాంతోనే మొదటి చుట్లు తిప్పండి. వంకరగా ఎక్కితే పైపు జారిపోతుంది, మర పాడవదు. ఆ తర్వాతే పానా, టార్క్ రెంచ్. చేజారి కింద పడ్డ కొత్త ప్లగ్గుని వాడకండి, పింగాణీలో కంటికి కనిపించని పగులు ఉండొచ్చు.

ఎలుకల గురించి అడిగారు కదమ్మా. అవును, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో మిస్సింగ్‌కి అదీ పెద్ద కారణమే. వారం రోజులు తీయని కారు స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడండి. కొరికిన వైరు దొరికితే టేపు చుట్టి సరిపెట్టొద్దు. మన చెమ్మకి ఆ టేపు కింద రాగి నెల రోజుల్లో నల్లబడుతుంది. సోల్డర్ చేయించి హీట్ ష్రింక్ పైపు వేయించండి.

ఇంకో ప్రశ్న ఉన్నట్టుంది. చెప్పండమ్మా... గత నెల పిల్లలతో అరకు వెళ్లి వస్తుంటే చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలిగిందట, ఏం చేయాలో తెలియక చాలా టెన్షన్ పడ్డారట. ఇది అందరూ వినండి. లైటు నిలకడగా వెలిగితే నిదానంగా షెడ్డు దాకా వెళ్లొచ్చు. మిణుకు మిణుకుమంటే సంగతి వేరు. మండని పెట్రోలు, గాలి కలిసి కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతున్నాయని అర్థం. లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ ఆ వేడికి కరిగి ముద్దయిపోతుంది. ప్లగ్గు వందల్లో పోయేది, కన్వర్టర్ పదుల వేలల్లో పోతుంది. ఘాట్ ఎక్కుతుండగా మిణుకుమంటే ఎక్సలేటర్ వదిలి, వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపేయండి, బండి లాగించే ఏర్పాటు చేసుకోండి.

దిగుతుండగా వస్తే మాత్రం ఇంజిన్ ఆపి దిగకండి, బ్రేకు గట్టిపడిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. న్యూట్రల్ కూడా వద్దు. రెండో గేర్‌లో పెట్టి ఎక్సలేటర్ మీద కాలు తీసేయండి. ఈ కాలం కార్లలో అలా దిగేటప్పుడు ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, కన్వర్టర్‌కి మండని పెట్రోలు వెళ్లదు, బ్రేకులకీ భారం తగ్గుతుంది. కిందికి వచ్చాక రోడ్డు పక్కన ఆపండి. కానీ ఎండుగడ్డి ఉన్నచోట ఆపకండమ్మా, కింద కన్వర్టర్ అప్పటికి ఎర్రగా కాలి ఉండొచ్చు. నేల మట్టిగా ఉన్నచోట ఆపి, పిల్లల్ని దించి, ఓ అరగంట చల్లారనిచ్చి, అప్పుడు ఫోన్ చేయండి.